నాయన ఊదిన ఊపిరి

ఆ వీడియో నాకు పంపింది నాతో పాతికేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్న లెక్కల టీచరు. మంచి మనిషి. నా మోకాలి ఆపరేషన్ అప్పుడు పది రోజులు ఇంటికి క్యారియర్ తెచ్చిన మనిషి. రిటైరైన మా అందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం షుగరుకు చిట్కాలు, సాయంత్రం మనవళ్ళ ఫోటోలు. అందులో పడింది. పట్టుమని పది సెకన్లు కూడా లేదు. గడ్డం ఉన్న ఒక ముసలాయన పెద్ద గిన్నె మూత తీసి, వంగి, దాని మీద నోటితో ఏదో చేస్తాడు. అంతే. కింద రాసి ఉంది: 'వీళ్ళు తిండిలో ఉమ్మి మనకు పెడతారు. చూడండి, అందరికీ పంపండి.' లెక్కల టీచరు తన మాటగా 'బయట తినేటప్పుడు జాగ్రత్త' అని చేర్చింది. పాపం, ఆమెకు తెలియదు. ఆ గిన్నె మా అమ్మది. ఆ ముసలాయన నా తమ్ముడు మౌలాలి.

గ్రూపులో 'అది ఉమ్మడం కాదు' అని టైపు చేశాను, చెరిపేశాను. 'అతను నా తమ్ముడు' అని టైపు చేశాను, అదీ చెరిపేశాను. ముప్పై అయిదేళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయాను. నిజం చెప్పాలంటే అది భయం ఒక్కటే కాదు, సిగ్గు కూడా. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకో మెప్పు అలవాటైంది. 'పేరు చెబితే తప్ప మీరు ముస్లిం అని ఎవరికీ తెలీదు మేడమ్, ఎంత మంచి తెలుగు!' నా పేరు కాశింబీ. మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగే, ఉర్దూ నాకు ఇప్పటికీ రాదు. నా తెలుగు నాకెవరూ దానమిచ్చింది కాదు. అయినా ఆ మాట అన్న ప్రతిసారీ నవ్వి థ్యాంక్స్ చెప్పాను. ఛీ, అన్నిసార్లు ఎందుకు చెప్పానో!

మౌలాలి ఫోను ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే అనంతపురంలో బస్సెక్కి, రాయదుర్గంలో మారి, గుమ్మఘట్ట దాటాక మా ఊరి స్టేజీలో దిగాను. వాడి హోటల్ ఆ స్టేజీలోనే, రోడ్డు పక్క రేకుల షెడ్డు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ. ఆ వేళప్పుడు లారీ డ్రైవర్లు, చేలకు పోయే రైతులు, కర్ణాటక వైపు నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చే గొర్రెల వాళ్ళు బెంచీల మీద ఒకరినొకరు తోసుకుంటూ కూర్చుని ఉండాలి. బెంచీలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. ఎవరూ లేరు. కలిపి పెట్టిన శనగపిండి పులిసి వాసన కొడుతోంది. మౌలాలి స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు.

"ఎన్ని దినాలాయప్పా ఇట్ల?" అన్నాను.

"ఆరు దినాలక్కా. మొదటి దినం ఊర్లో ఎవురో సచ్చిపోయినారేమో, అందుకే రాలేదనుకుంటి. మూడో దినం తెలిసె, సచ్చింది నేనే అని." నవ్వబోయి మానుకున్నాడు.

"ఎవురు తీసినారు?"

"లింగరాజు."

నేను పోయి బెంచీ మీద కూర్చున్నాను. లింగరాజు అంటే ఎవరో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి.

ఊళ్ళో మావి నాలుగిళ్ళు. మసీదంటే పెద్దగా ఊహించుకోకండి. సున్నం కొట్టిన ఒక గది, ముందు బండలు పరిచిన కాస్త జాగా. మైకు లేదు. మా నాయన పీరప్ప పగలంతా పరుపులు, బొంతలు కుట్టేవాడు, వేళకు పోయి గొంతెత్తి నమాజుకు పిలిచేవాడు. బొంగురు గొంతు. సాయంత్రం పిలుపు వినిపిస్తే చేలల్లో రైతులు "పీరప్ప పిలిచె, ఎద్దులు ఇప్పండిరా" అనుకునేవాళ్ళు. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ దూది పోగులు ఉండేవి. దగ్గరకు పోతే కొత్త దూది, సాంబ్రాణి, బీడీ, మూడు వాసనలూ కలిసి వచ్చేవి. ఆయన తల్లి, మా జేజి, గడప మీద కూర్చుని దూదిలో గింజలు ఏరుతూ, దవడన పొగాకు పెట్టుకుని ఇంటిని ఏలేది. ఆమెకు ఏదైనా ఊదడం అలవాటు. మేము పడి మోకాలు గీసుకుంటే ఊదేది, తల దువ్వి పాపిట మీద ఊదేది. మా ఇంట్లో గిన్నె మూత తీస్తే ముందు బిస్మిల్లా, తరువాత దాని మీద ఫూ అని చిన్న ఊపిరి, ఆ తరువాతే గరిటె. అట్లా చేస్తే నలుగురికి చాలదనుకున్న సంగటి ఆరుగురికి వస్తుందని జేజి లెక్క. కరువు రోజుల్లో ఆ లెక్క చాలాసార్లు తప్పింది. జేజి మాత్రం ఊదడం మానలేదు.

కరువు మా నమాజులోకి కూడా వచ్చింది. బావి అడుగంటి, ఇంటికి రోజుకు రెండు బిందెలు వంతు వచ్చిన ఎండాకాలాలు నాకు బాగా గుర్తు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి కదా. నాయన చెంబు ముట్టకుండా మిద్దె గోడకు రెండు అరచేతులు ఆనించి, ఆ పొడి మట్టితోనే ముఖం, చేతులు తుడుచుకునేవాడు. నేను వింతగా చూస్తే, "నీళ్ళు దొరక్కుంటే మట్టితో చేసుకోమని దేవుడే చెప్పినాడు మే. మన సీమ సంగతి ఆయప్పకు ముందే ఎరికె" అని నవ్వేవాడు. మిగిలిన నీళ్ళు మా మేకకు.

శనివారం సాయంత్రమైతే మా వాకిట్లో కత్తులు. ఆదివారం కోడి కోసుకునే ఇళ్ళ నుంచి, అందరూ హిందువుల ఇళ్ళే, కత్తులు పట్టుకుని వచ్చేవాళ్ళు. ముల్లా బిస్మిల్లా చెప్పకుండా కోసిన కూర ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ తినేవాళ్ళు కాదు. ప్రతి ఇంటికీ నాయన పోలేడు గనక కత్తే ఆయన దగ్గరకు వచ్చేది. ఆయన దాని మీద చదివి ఊదితే, దాంతో ఇంటివాళ్ళే కోసుకునేవాళ్ళు. ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన సుంకమ్మ రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "మామా, తప్పయిపోయె! నువ్వు సదివిన కత్తితో ఎర్రగడ్డలు కోస్తి. సదివింది పోయిండాదేమో, మళ్ళీ సదివియ్యి!" నాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "యాడికీ పోలేదు పోమ్మా. ఎర్రగడ్డలకు గూడా ఇంత పుణ్యం వచ్చింటాది" అన్నాడు. అంటూనే ఆ పిల్ల మొహం చూసి, కత్తి తీసుకుని మళ్ళీ చదివి ఇచ్చాడు. సుంకమ్మ మొగుడు నాయనను చిన్నాయనా అని పిలిచేవాడు. ఆ వరస ప్రకారం ఆమె మాకు వదిన.

సుంకమ్మ వదినకు మొదటి ఇద్దరు బిడ్డలూ నెలల పిల్లలుగానే పోయారు. మూడోవాడు పుట్టాక ఆమె మసీదు గోడ పక్కన నిలబడటం మొదలుపెట్టింది. ఆమె ఒక్కతే కాదు. పొద్దుగూకే నమాజు అయ్యేసరికి చంటిబిడ్డలను చంకనేసుకుని, చేతిలో నీళ్ళ చెంబుతో ఐదారుగురు తల్లులు ఆ గోడకు ఆనుకుని వరసగా నిలబడేవాళ్ళు. జ్వరమని, పాలు తాగడం లేదని, నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని. లోపలి నుంచి వచ్చే మగవాళ్ళు ఒక్కొక్క బిడ్డ ముందు ఆగి, నోట్లో చదువుకుని, ముఖం మీద ఊది, చెంబులో ఊది పోయేవాళ్ళు. ఆడపిల్లను గనక నేను లోపలికి పోలేదు, ఆ తల్లుల పక్కనే నిలబడేదాన్ని. పాల వాసన, బిడ్డల మాడుకు పెట్టిన ఆముదం వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతాయి. సుంకమ్మ వదిన నలభై దినాలు, ఒక్క పూట తప్పకుండా, వానకు కూడా, ఆ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆ బిడ్డే లింగరాజు.

ఊపిరితోనే వాడు బతికాడని నేను చెప్పను, బడిపంతులమ్మను. నాయనా చెప్పలేదు. ఒక సాయంత్రం బిడ్డ కళ్ళు తేలేయడం చూసి సుంకమ్మ మొగుడిని పిలిచి, "ఊదేది ఊదినా. ఇంక బండి కట్టు, రాయదుర్గం ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

"నువ్వు ఊదినాక డాక్టరెందుకు చిన్నాయనా?"

"నేను ఊదేది నీ పెండ్లాం ధైర్యానికిరా. బిడ్డకు సూది ఎయ్యాల. కట్టు బండి!"

తాను కూడా బండెక్కి పోయాడు. మూడో రోజు వచ్చారు, బిడ్డ చూపు నిలిచింది. మావాళ్ళలో కూడా అందరూ ఇది మెచ్చలేదు. పట్నం నుంచి వచ్చిన చదువుకున్నాయన ఒకరు, ఈ ఊదడాలు మతంలో లేవు, మానుకోమని నాయనకు చెప్పాడు. నాయన ఆయనకు సంగటి, ఊరిబిండి పెట్టి, "బిడ్డనెత్తుకోని తల్లి నిలబడుంటే, పుస్తకం చూసొస్తా ఉండమ్మా అనాలా స్వామీ?" అన్నాడు. ఆయన మళ్ళీ రాలేదు.

ఆ కాలం బంగారమని నేను అననండి. సుంకమ్మ వదిన ఇంట్లో మాకు గ్లాసు వేరు, అది వసారాలో చూరు కింద బోర్లించి ఉండేది. వాళ్ళ పండగ ప్రసాదం మేము రెండు చేతులా తీసుకుని, ఇంటికి వచ్చి మేకకు పెట్టేవాళ్ళం, జేజి తిననిచ్చేది కాదు. ఇద్దరికీ ఇద్దరి సంగతులూ తెలుసు. కానీ ఒకరి ఊపిరి తగిలితే చస్తామనే భయం మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

నేను ఊళ్ళో దిగిన రోజు సాయంత్రం చేను గట్టు వెంట బండి మీద వస్తూ లింగరాజు కనిపించాడు. చెనక్కాయ చెట్లు జానెడు ఎత్తులోనే మాడి ఉన్నాయి. నన్ను చూసి బండి ఆపి దిగాడు. తల నెరిసింది.

"ఏమిరా లింగా, నీకేం పోయేకాలం వచ్చెరా?"

"కోపం చేసుకోవద్దత్తా. నేను అబద్ధం తీయలే. ఉండేదే తీసినా."

"ఉమ్మేది చూసినావా నువ్వు?"

"నోరు పెట్టేది చూసినా. ఫోన్లో అన్ని ఊర్లవీ వస్తాండాయత్తా. అట్లనే ఉండాది."

"ఇరవై ఏండ్లు ఆడే తింటివి కదరా! ఇరవై ఏండ్లూ నీ కండ్ల ముందరే మూత తీసి ఊదినాడు కదరా!"

"అదే కదత్తా నేను చెప్పేది. ఇరవై ఏండ్లు తింటి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మొగాన మా నాయన నలభై దినాలు ఊదినాడురా, సన్నాసీ!" అని అరిచాను.

వాడు అరవలేదు. "అప్పుడు మా అమ్మోళ్ళకు ఏం తెలుసత్తా" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు నిమ్మళంగా. తరువాత నా కాలి వైపు చూసి, "మోకాలు నొప్పి కదా, బండ్లో దింపల్లా?" అని అడిగాడు. ఆ మాట నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. వాడు నన్ను తిట్టి ఉంటే నాకింత భయం వేసేది కాదు. నేను బండి ఎక్కకుండా నడిచి వచ్చేశాను.

మౌలాలికి ఆ హోటల్ తప్ప ఏమీ లేదు. పెళ్ళాం పోయింది, కూతుళ్ళు అత్తవారిళ్ళలో ఉన్నారు, ఉన్న రెండెకరాల్లో బోరు ఎండిపోయింది. హోటల్ మూతపడితే మా వైపు మనుషులందరూ పోయే చోటికే పోవాలి, బెంగుళూరులో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా. అరవై దాటినవాడు. ఊరు విడిచి ఒక్క వారం ఉండలేనివాడు. ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఎంతైనా టీచరును కదా, ఎదుటివాళ్ళ తప్పు దిద్దలేకపోతే మనవాళ్ళ చేత దస్తూరీ మార్పిస్తాను.

"ఊదకుంటే ఏమైతాదప్పా?" అన్నాను. "మూతికి గుడ్డ కట్టుకో. గిన్నె తెచ్చి ముందర పెట్టు. అందరి కండ్ల ముందర మూత తియ్యి."

"బిస్మిల్లా అనకుండా మూత ఎట్ల తీసేదక్కా? చెయ్యి రాదు."

"మనసులో అనుకో. దేవునికి చెవుడా?"

"జేజి ఉంటే చీపురు తిరగేసుండేది" అన్నాడు.

"జేజి కాలంలో ఫోన్లు లేవు."

"సరేలేక్కా. నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు.

తెల్ల నూలుగుడ్డతో నాలుగు మూతిగుడ్డలు నేనే కుట్టాను. నాయన కుట్టు నాకు వచ్చు. మొదట లారీ వాళ్ళు వచ్చారు, తరువాత గొర్రెల వాళ్ళు. రెండో వారానికి ఊరి రైతులు ఒక్కొక్కరే, పక్కకు చూసుకుంటూ, నాతో ముఖం కలపకుండా వచ్చి కూర్చున్నారు. లింగరాజు కూడా వచ్చాడు. "ఇట్ల శుభ్రంగా ఉంటే ఎవురేమంటారు చిన్నాయనా" అని రెండు ప్లేట్లు తిన్నాడు. నేను గర్వపడ్డానండి, దాచుకోవడమెందుకు. ఉపాయం నాదే కదా. మౌలాలి మాత్రం మాట తగ్గించాడు. అంతకుముందు బజ్జీలు వేస్తూ వచ్చినవాళ్ళనందరినీ పేరు పెట్టి ఆటపట్టించేవాడు. ఇప్పుడు గుడ్డ వెనక నుంచి మాట సరిగ్గా వినపడదని ఊరుకుంటున్నాడేమో అనుకున్నాను.

నెల దాటింది, నేను ఇంకా ఊళ్ళోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం, ఎండకు రోడ్డు మీద పురుగు లేని వేళ, హోటల్ వెనక సందులో నుంచి సుంకమ్మ వదిన వచ్చింది. నడుం పూర్తిగా వంగిపోయింది. కొంగు కింద చంటిబిడ్డ ఉన్నాడు.

"లింగని మనవడు మౌలా" అంది కూర్చోకుండానే. "నాల్గు దినాలాయ జరం. అనంతపురం పెద్దాస్పత్రికి పోయొచ్చినారు, మందులు ఏస్తాండాము. తగ్గుతాదన్నారు. బిడ్డ కండ్లు మూయకుండా ఏడుస్తాండాడప్పా, వాని తల్లి గూడా ఏడుస్తాండాది. ఒక్కసారి ఊదు. లింగడు చేనికి పోయినాడు, వాడు వచ్చేలోపల పోతా."

మౌలాలి మొదట ఆమె చేతుల వైపు చూశాడు, ఫోను ఉందేమోనని. తరువాత సందు రెండు వైపులా చూశాడు. నా తమ్ముడు ఆ ముసలిదాని చేతులు వెతకడం నేను కళ్ళారా చూశాను. మూతిగుడ్డ కిందికి లాగాడు. బిడ్డ మీదికి వంగాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. బిడ్డ సన్నగా మూలుగుతున్నాడు. ఎంతసేపు వంగి ఉన్నాడో, తరువాత మెల్లగా లేచి గుడ్డ పైకి లాక్కున్నాడు.

"మందులు మానొద్దు వదినా. తగ్గుతాది."

"ఊదలే కదప్పా నువ్వు?"

"ఊదేది మానేసినా వదినా. అక్క చెప్పె."

సుంకమ్మ వదిన నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. "సదువుకున్నదానివి. మంచికే చెప్పింటావులే మే" అని, బిడ్డ ముఖం మీదికి కొంగు లాగి, వచ్చిన దారినే పోయింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి నేను మౌలాలి మీద పడ్డాను. "ఏం మనిషివప్పా నువ్వు? ఆ ముసల్దానికి ఒక్క ఊపిరి ఇస్తే నీ సొమ్మేం పోతాది? ఈడ ఎవురూ లేకపాయ కదా, ఎవురికి భయపడితివి?"

"భయం కాదక్కా." వాడు నా ముఖం చూడలేదు. "మనసులో అనుకొమ్మంటివి కదా. ఒక వారం అనుకుంటి. తర్వాత నూనె చూసుకోవాల, వచ్చినోళ్ళను చూసుకోవాల, ఎవురన్నా ఫోను ఎత్తినారా అని చూసుకోవాల. మరిచిపోతి. ఇప్పుడు బిడ్డ మీదికి వంగితే నోటికి ఏమీ రాలేదక్కా. నాయన చదివేది, నేను ఇన్నేండ్లు చదివింది, ఒక్క ముక్క రాలే."

నేను అందిస్తానన్నాను. బళ్ళో పద్యం మరిచిపోయిన పిల్లలకు మొదటి మాట అందిస్తే మిగతాది వాళ్ళే చెప్పేస్తారు, అది నాకు బాగా తెలిసిన పని. అందిద్దామని నోరు తెరిచాను. మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. అది పైకి అని నాకు ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. మౌలాలి నా నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. ముందు షెడ్డులో ఎవరో బెంచీ లాక్కుని, రెండు టీలు అని కేక వేశారు. వాడు మూతిగుడ్డ సరిచేసుకుని పోయాడు.